అడ్డగీత

జీపు దిగుతూనే తేజస్వినికి ముందు బిందెలు కనబడ్డాయి, ఆ తర్వాత తిట్లు వినబడ్డాయి. పంప్‌హౌస్ గేటు ముందు ఖాళీ ప్లాస్టిక్ బిందెలు వరస కట్టి ఉన్నాయి. వాటి వెనుక ముప్పై మంది దాకా ఆడవాళ్లు నిలబడ్డారు. ఏప్రిల్ ఎండ తొమ్మిదింటికే మాడు పగలగొడుతోంది.

"వాని చేతులిరగ! పద్నాలుగూర్ల నోట్ల మన్నుగొట్టిండు," అంటోంది అందరికన్నా ముందున్న బుజ్జమ్మ. "తాళం పలగ్గొట్టి మోటరు కాలవెట్టుడేందే? తాగి ఉన్నడా ఏంది?"

ఆ తిట్లన్నీ ఎవరికో ఆ మనిషి గేటు లోపల మెట్టు మీద కూర్చుని వింటున్నాడు. పేరు దశరథం. కృష్ణ ఒడ్డున ఈ పంప్‌హౌస్‌లో పదకొండేళ్లుగా ఆపరేటర్. ఇటిక్యాల దిక్కు పద్నాలుగు ఊళ్లకు తాగే నీళ్లు ఆయన చేతి మీదుగా పోవాల్సిందే. మొన్నటి దాకా ఇదే బుజ్జమ్మ ఆయన్ని "దశరథన్నా, మా ఊరికి జర ముందుగాల ఇడువు" అని బతిమాలేది. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అని ఊరికే అన్నారా?

తేజస్వినిని చూడగానే ఆయన లేచి నిలబడ్డాడు. ఎడమ చెంప కమిలి ఉంది. ఎవరో కొట్టిన దెబ్బ.

"ఒచ్చినవా బిడ్డా! నువ్వొస్తె నాకు ధైర్నం. రా, సూడు. నిన్న మాపటి సంది ఎవరినీ ముట్టనియ్యలే."

లోపల బల్ల మీద కంప్యూటర్‌కు తన తువ్వాల కప్పి ఉంచాడు. పసిపిల్ల మీద దుప్పటి తీసినట్టు మెల్లగా తీశాడు. స్క్రీన్ మీద 'మోటరు ఒకటి, నడిచిన సెకన్లు' అన్న మాటల పక్కన అంకె ఉంది. ముందు ఒక అడ్డగీత, ఆ గీత వెనుక 24,136.

తేజస్విని దాన్ని చూడగానే గుర్తుపట్టింది. ఆ గీత ఎక్కడి నుంచి వచ్చిందో ఈ జిల్లాలో చెప్పగల మనిషి తనొక్కతే, ఎందుకంటే దాన్ని పుట్టించింది తనే.

వనపర్తిలో శ్రవణ్ కుమార్ అనే ఆయనకు చిన్న కంపెనీ ఉంది. పంప్‌హౌస్‌లకు కంప్యూటర్లు బిగిస్తుంది. మోటరు తిరిగే ప్రతి సెకనును ఒక కార్డు లెక్కపెడుతుంది. ఆ లెక్కను కంప్యూటర్‌కు మోసేది, ఆ కంపెనీలో పనిచేసే తేజస్విని రాసిన డ్రైవర్. నిరుడు బిగించేటప్పుడు "కంప్యూటర్‌కు డ్రైవరేంది బిడ్డా, లారీకి గద ఉండేది?" అని దశరథం నవ్వాడు. "మోటరు మాట కంప్యూటర్‌కు తెల్వదు కాకా, నడుమ మాట మోసెటోడు కావాలె," అని ఆమే చెప్పింది. మోటర్లు రెండూ పాతవి. ఒకటి పది గంటలు, అంటే ముప్పై ఆరు వేల సెకన్లు తిరగగానే కంప్యూటర్ దాన్ని ఆపి రెండోదాన్ని ఎక్కించాలి. లేకపోతే కాలుతుంది.

ఆ సెకన్లు దాచుకోవడానికి తేజస్విని చిన్న డబ్బా ఎంచుకుంది. అందులో ముప్పై రెండు వేల ఏడు వందల అరవై ఏడు దాకే పడుతుంది. ఆ మీద ఒక్కటి కలిపినా అంకె పొర్లి, సున్నాకు ఎక్కడో కింద, అట్టడుగున పడుతుంది. ముందొక అడ్డగీత వచ్చి కూర్చుంటుంది, ఇక అది ముప్పై ఆరు వేలకు చేరదు, మోటరు మారదు. గడియారం లెక్కలో అది తొమ్మిది గంటల ఆరు నిమిషాల ఏడు సెకన్లు. ఆమెకు ఈ సంగతి తెలియక కాదు. హైదరాబాదు మనిషి రాసి ఉంటే మారు ఆలోచించకుండా పెద్ద డబ్బానే పెట్టేవాడు. ఈమె ఖిల్లా ఘణపూర్‌లో పుట్టి పెరిగింది. కరెంటు వరసగా తొమ్మిది గంటలు నిలిచిన రోజును చూసి ఎరగదు. ఏడు గంటలు వస్తే పండగ. పోయిన ప్రతిసారీ లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలు. పది గంటల నిబంధన కాగితం మీద ఉంది గనుక పెట్టారు గానీ, దాని దాకా పోయేదెవరు? 'మన దిక్కు కరెంటు సంగతి నాకు తెల్వదా' అనుకుంది. తెలిసిన మనిషి చేసే తప్పు ఇలాగే ఉంటుంది.

ఆదివారం నాడు, వేసవి కదా అని, తాగునీళ్ల కోసం పంప్‌హౌస్‌కు విడిగా లైను ఇచ్చారు. సోమవారం పొద్దున ఆరింటికి మోటరు ఎక్కింది. కరెంటు పోలేదు.

"మూడు గొట్టినంక జర సేపటికి ఆ గీత ఒచ్చింది బిడ్డా," అన్నాడు దశరథం. "నాలుగు గొట్టింది, మోటరు మారలే. చెయ్యి పెట్టి చూద్దమంటే జాలీ అడ్డం."

కంప్యూటర్ రాకముందు ఆయనకు ఒక పద్ధతి ఉండేది. గంటకోసారి మోటరు ఒంటి మీద అరచెయ్యి ఆనించి పది దాకా లెక్కపెట్టేవాడు. పది దాకా ఓర్చుకోగలిగితే మోటరు క్షేమం. ఏడుకే చెయ్యి లేచిందంటే ఆపేవాడు. పదకొండేళ్లలో ఒక్క మోటరూ కాలలేదు. కంప్యూటర్ వచ్చాక మోటరు చుట్టూ ఇనుప తీగల జాలీ కట్టించారు, స్విచ్చుల పెట్టెకు తాళం వేశారు, తాళంచెవి గద్వాల ఆఫీసులో పెట్టారు. ఆపరేటర్ల చేతులు పడితే మిషన్ పాడవుతుందని చెప్పి ఆ తాళం వేయించింది శ్రవణ్ కుమారే.

"గద్వాలకు ఫోన్ కొట్టిన. ఒకసారి గాదు, ఎనిమిది సార్లు. సారు మీటింగుల ఉన్నడన్నరు. ఐదున్నరకు కాలిన వాసనొచ్చింది. ఇగ రాయి తీస్కొని తాళం పలగ్గొట్టి ఆపిన. ఇంకేం జేస్త?"

అవతల గద్వాల నుంచి వచ్చిన వైండింగ్ మిస్త్రీ జలాలుద్దీన్ మోటరును ట్రాలీ మీదికి ఎక్కిస్తున్నాడు. నల్లబడ్డ తీగను గోటితో గీకి వాసన చూసి, ఎవరూ అడగకుండానే అన్నాడు: "స్విచ్చు తప్పు ఏస్తె ఒక్క కాడ కాల్తది. గిది పూరాగ ఉడికింది. ఆగకుండ తిరిగింది పాపం." ఆ మాటను ఏ కాగితం మీదా ఎవరూ రాసుకోలేదు. మిస్త్రీ మాటను కాగితం మీద పెట్టే అలవాటు ఆఫీసులకు లేదు.

జీపు దగ్గరే ఆగిన శ్రవణ్ కుమార్ లోపలికి వచ్చాడు. నలభై ఏళ్ల మనిషి, ఇస్త్రీ చొక్కా, గొంతు పెంచడం ఎరగడు. స్క్రీన్ చూశాడు. దశరథాన్ని మంచినీళ్లు తెమ్మని పంపి తలుపు దగ్గరగా వేశాడు.

"ఎంత సేపట్ల సరి చేస్తవు?"

"గంట పడుతది సార్. కానీ ఇంజినీరు సారు వచ్చి ఈ అంకె చూసినంక..."

"బయట బిందెలు చూసినవా?" అన్నాడు మెత్తగా. "పొద్దటి నుంచి పద్నాలుగు ఊళ్లకు నీళ్లు లేవు. రెండో మోటరు ఎక్కియ్యాలె. ఇదే డ్రైవర్‌తోని ఎక్కిస్తె అది గూడ గిట్లనే కాలాల్నా?"

అది నిజం. అబద్ధాలు ఆడేవాళ్లలో నిజాన్ని పనిముట్టులా వాడుకునేవాళ్లే ప్రమాదం.

ఆమె ల్యాప్‌టాప్ తెరిచింది. పని మొదలుపెట్టాక ఆమెకు లోకం గుర్తుండదు, అది ఆమె గుణం. చిన్న డబ్బా తీసి పెద్ద డబ్బా పెట్టింది. అంతటితో సరిపెట్టుకోలేదు. ఒకటి కలిపే ముందు, ఇంకొకటి పట్టే చోటుందా అని అడిగే వరస రాసింది. చోటు లేకపోతే కలపకూడదు, మోటరు ఆపి గంట కొట్టాలి. కలిపాక చూస్తే లాభం లేదు, పొర్లిన అంకె కూడా మామూలు అంకెలాగే మొహం పెట్టుకుని ఉంటుంది. తర్వాత మొత్తం కోడ్ పై నుంచి కిందికి చదివి, కూడికలున్న చోటల్లా వేలు పెట్టి ఆగింది. ఇంకో మూడు చోట్ల అదే తప్పు దొరికింది. మూడూ సరిచేసింది. చాలా శుభ్రమైన పని. నిరుడే చేసి ఉండాల్సిన పని.

కొత్తది ఎక్కాలంటే కంప్యూటర్‌ను ఒకసారి ఆపి మళ్లీ వేయాలి. ఆమె చెయ్యి బటన్ మీద ఆగింది. అప్పటికి దశరథం చెంబుతో నీళ్లు తెచ్చి పక్కన నిలబడి ఉన్నాడు.

"ఆ అంకె పోతదా బిడ్డా?"

"సరి చెయ్యాలంటే పోతది కాకా."

ఆయన చెంబు బల్ల మీద పెట్టాడు. "పోతె పోనీ. నువ్వు సూసినవ్ గద. నువ్వే సాక్షి."

ఆమె బటన్ నొక్కింది. పదకొండింటికి రెండో మోటరు ఎక్కింది. గేటు బయట ఆడవాళ్లు బిందెలు ఎత్తుకుని ఊళ్ల దారి పట్టారు. ఎవరూ దశరథం వైపు చూడలేదు.

గురువారం వనపర్తి ఆఫీసులో శ్రవణ్ కుమార్ రెండు సమోసాలు తెప్పించి ఒకటి ఆమె ముందు పెట్టాడు. సమోసా పక్కన ఒక కాగితం పెట్టాడు. అందులో ఇలా ఉంది: కంపెనీ మనిషి వెళ్లి పరీక్షించగా యంత్రంలో ఏ లోపమూ కనబడలేదు, యంత్రాన్ని ఆపి మళ్లీ వేయడం తప్ప ఏ మార్పూ చేయలేదు, స్విచ్చుల పెట్టె తాళం పగలగొట్టి ఉంది. కింద సంతకానికి చోటు వదిలారు.

"మార్పు చేసినం గద సార్."

"చేసినం. మంచిగ చేసినవు గూడ. ఇంకెక్కడా ఇట్ల కాదు. అదే గద కావాల్సింది?"

"ఆ కాక నౌకరి పోతది."

"తాళం పలగ్గొట్టిండా లేదా?"

"పలగ్గొట్టిండు."

"మరి ఇందుల అబద్ధమేముంది?" సమోసా తుంచి కారం చూసుకుంటూ అన్నాడు. "నిజం చెప్తనంటవా, చెప్పు. నేను ఆపను. డ్రైవర్ ఫైలు పైన ఎవరి పేరుంది? నీదే గద, నువ్వే రాసుకున్నవు. చిన్న డబ్బా ఎందుకు పెట్టినవని అడిగితే, మా ఊర్ల కరెంటు ఉండదు సార్ అని చెప్పు. నీకు ఇగ ఈ పని ఎవరిస్తరో నేను గూడ చూస్త."

కుక్కను చంపాలంటే ముందు పిచ్చిదని పేరు పెట్టాలి. ఆ పేరు పెట్టే కాగితం మీద తేజస్విని సంతకం పెట్టింది. సమోసా తినలేదు. తినకపోవడం కూడా ఒక ధర్మమేనని ఆ సాయంత్రం దాకా అనుకుంది.

శుక్రవారం మరో సంగతి తెలిసింది. దశరథం గద్వాల వెళ్లి ఇంజినీరు నరేందర్ కాళ్లు పట్టుకున్నాడట. "మిషన్‌ను అందరి ముందట పది గంటలు నడిపియ్యుండ్రి సారూ. మూడు గొట్టినంక గీత రాకపోతె నన్ను తీసెయ్యుండ్రి," అన్నాడట. కాలిన మోటరు కూడా బాగై వచ్చింది. శనివారం పరీక్ష.

"ఆయనే అడిగిండు సార్ పరీక్ష," అంది తేజస్విని.

"మంచిదే గద," అన్నాడు శ్రవణ్ కుమార్. "న్యాయంగ ఉంటది."

ఆ రాత్రి ఆమె పాత డ్రైవర్‌ను ఒక ఫ్లాపీలో ఎక్కించుకుని చేతిసంచిలో పెట్టుకుంది. దాన్ని వేస్తే గీత వస్తుంది. ఆమె చెయ్యాల్సిందల్లా ఒక్కటే: ఇంజినీరు ముందు నిలబడి, 'సార్, మంగళవారం నేను దీన్ని మార్చిన, పాతది ఇదిగో' అనడం. ఏడెనిమిది మాటలు.

శనివారం పొద్దున ఆరింటికి మోటరు ఎక్కింది. ఇంజినీరు నరేందర్ తన చేత్తో స్విచ్చు వేసి, గడియారం చూసి కాగితం మీద రాసుకున్నాడు. దశరథం ఉతికిన చొక్కా వేసుకుని, గడ్డం గీయించుకుని వచ్చాడు. చెంప మీద కమిలిన మచ్చ పసుపుపచ్చగా మారింది. ఆయన మొహంలో భయం లేదు. పరీక్షలో ఏ ప్రశ్న వస్తుందో ముందే తెలిసిన వాడిలా ఉన్నాడు.

అంకె కదులుతోంది. ఏడు గొట్టింది. ఎనిమిది. తొమ్మిదింటికి ఇంజినీరు టిఫిన్ చేసి వచ్చాడు. పదింటికి శ్రవణ్ కుమార్ పేపరు తెరిచాడు. తేజస్విని బెంచీ మీద కూర్చుని సంచి ఒడిలో పెట్టుకుంది. ఫ్లాపీ మూల ఆమె తొడకు గుచ్చుకుంటోంది. పదకొండింటికి చెబుతాను అనుకుంది. పదకొండింటికి ఇంజినీరు ఫోనులో ఉన్నాడు. పన్నెండుకు ఫోను పెట్టేశాడు, శ్రవణ్ కుమార్‌తో నవ్వుతూ ఏదో మాట్లాడుతున్నాడు. చెప్పదలుచుకోని మనిషికి సమయం ఎప్పుడూ కుదరదు.

ఒంటిగంటకు దశరథం టిఫిన్ డబ్బా విప్పాడు. జొన్న రొట్టెలు, పుంటికూర.

"తిను బిడ్డా. మా ఇంటిది భాగ్యమ్మ నీకని రెండెక్కువ కట్టింది. 'సదువుకున్న పిల్ల, ఉన్నదున్నట్టు చెప్తది' అన్నది."

"ఆకలి లేదు కాకా."

"ఆకలి లేదంటె అయితదా? పొద్దటి సంది చూస్తున్న, నీళ్లు గూడ తాగలే. నా గురించి పరేషాన్ గాకు. ఇంకెంత, రెండు గంటలు. గీత ఒస్తది, అందరు సూస్తరు, అయిపాయె."

రొట్టె తుంచి ఆమె చేతిలో పెట్టాడు. మోటరు వేడి చూసి చూసి మొద్దుబారిన అరచెయ్యి అది. ఆమె రొట్టె తింది. పూర్తిగా తింది. గురువారం సమోసా వదిలేసిన మనిషి శనివారం భాగ్యమ్మ రొట్టె తిన్నది. సిగ్గుకు కూడా ఒక హద్దు ఉంటుంది కాబోలు, అది దాటితే ఆకలే మిగులుతుంది.

మూడింటికి కొద్దిగా ముందు అందరూ కంప్యూటర్ చుట్టూ చేరారు. బుజ్జమ్మా, మరో నలుగురైదుగురు ఊరివాళ్లూ కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డారు. దశరథం అందరికన్నా ముందు, స్క్రీన్‌కు జానెడు దూరంలో నిలబడ్డాడు.

"చూడుండ్రి సారూ, ఇగ ఒస్తది."

32,765. 32,766. 32,767.

32,768.

దశరథం ముందుకు వంగాడు. భుజం మీది తువ్వాల తీసి స్క్రీన్ తుడిచాడు. గీత మీద దుమ్ము కప్పుకుందేమో అనుకున్నాడు పాపం. తుడిచిన అద్దం మీద అంకె తళతళలాడుతూ ముందుకే పోయింది. 32,780. 32,790.

"జర ఆగుండ్రి సారూ. ఒస్తది."

కిటికీ అవతల ఎవరో నవ్వారు. మూడుంబావు అయింది, మూడున్నర అయింది. ఆయన కదలకుండా అక్కడే నిలబడ్డాడు, తువ్వాల పిడికిట్లో నలిగిపోతోంది. సరిగ్గా నాలుగింటికి పెట్టెలో టక్కుమంది. మొదటి మోటరు ఆగి రెండోది ఎక్కింది. ఇంజినీరు చప్పట్లు కొట్టాడు, ఆయన కొట్టాడు గనుక అందరూ కొట్టారు.

దశరథం వెనక్కి తిరిగాడు. గదిలో అంతమంది ఉండగా ఆయన చూపు తేజస్వినిని వెతుక్కుని పట్టుకుంది.

"బిడ్డా, మంగళారం నాడు నువ్వు సూసినవ్ గద? గీత ఉండె గద? నువ్వు జెప్పు సారుకు."

ఇంజినీరు ఆమె వైపు తిరిగాడు. శ్రవణ్ కుమార్ పేపరు మడతపెడుతున్నాడు, తల ఎత్తలేదు. ఫ్లాపీ ఒడిలోనే ఉంది.

"నేను వచ్చేసరికి స్క్రీన్ ఆగిపోయి ఉండె సార్," అంది తేజస్విని. "గీత ఏమీ కనబడలే."

చాలా తేలిగ్గా వచ్చింది మాట. పది గంటలుగా మోస్తున్న నిజం రాలేదు గానీ, అబద్ధం నీళ్లలా వచ్చింది.

ఇంజినీరు అక్కడే, బల్ల మీదే రాశాడు: తాళం పగలగొట్టి, అధికారం లేకుండా యంత్రాన్ని ముట్టి, మోటరు కాల్చి, తప్పును యంత్రం మీదకు నెట్టినందుకు ఆపరేటర్‌ను పని నుంచి తీసేయడమైనది. ఆయన చూపిన చోట దశరథం వేలిముద్ర వేశాడు. పదకొండేళ్ల నౌకరి ముగియడానికి ఐదు నిమిషాలు పట్టింది.

జీపు ఎక్కబోతుంటే వెనుక నుంచి పిలుపు వినబడింది. చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో చెంబూ టిఫిన్ డబ్బా పెట్టుకుని దశరథం వస్తున్నాడు. తేజస్విని ఆగింది. తిడతాడనుకుంది. తిడితే పడాలని, కొడితే ఓర్చుకోవాలని నిజంగానే అనుకుంది. ఆ మాత్రం జరిగితే తనకు కొంత తేలికవుతుందని ఆశ కూడా పడింది.

ఆయన రెండడుగుల దూరంలో ఆగాడు.

"నా కండ్లు మసకబడ్డయేమో బిడ్డా," అన్నాడు. "యాభై దాటినయ్ గద. నేనైతె సూసిన్ననుకున్న. కానీ సదువుకున్నదానివి, నీకు కనబడలేదంటె అది లేనట్టె."

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని ఆమె వెతికింది. ఉంటే బాగుండునని వెతికింది. లేదు.

"నువ్వు కష్టపడి రాసిన మిషన్ మీద నింద ఏసిన. పదిమందిల నీ పేరు ఖరాబ్ చేసిన. మనసుల పెట్టుకోకు తల్లీ."

జీపులోంచి శ్రవణ్ కుమార్ హారన్ నొక్కాడు. లోపల రెండో మోటరు ఒకే తీరుగా తిరుగుతోంది, ఆ చప్పుడు ఇద్దరికీ వినబడుతూనే ఉంది.

"పర్లేదు కాకా," అంది తేజస్విని, "నేనేం అనుకోను."

ఆయన మొహం తేటపడింది. అరచెయ్యి ఆమె నెత్తి మీద ఆనించి, కాసేపు ఉంచి, తీసేసుకుని ఇటిక్యాల దారి పట్టాడు.